లేబుల్ మీది పేరు

(సకిని రామచంద్రయ్య స్మృతిలో మేడారంలో చేసిన ఉపన్యాసం)



జాతర లేని రోజుల్లో మేడారం రావడం నాకిష్టం. కోటిమంది తొక్కిన నేల అని చెప్పుకునే చోట ఈ పొద్దున మేకలు మేస్తున్నాయి. జంపన్నవాగు దగ్గర బస్సు దిగి నడుచుకుంటూ వచ్చాను. జాతరలో ఆ దూరం నడవడానికి రెండు గంటలు పట్టింది ఒకసారి. ఇవాళ మధ్యలో ఆగి టీ తాగినా ఎక్కువసేపు పట్టలేదు.

రామచంద్రయ్యగారిది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా, మణుగూరు మండలం, కూనవరం. ఆయన డోలి. బయటి నుంచి వచ్చినవాళ్ల కోసం చెబుతున్నాను: డోలి అంటే కోయల గట్టుల, అంటే వంశాల, పుట్టుక, వీరుల కథలు తలలో పెట్టుకుని, డోలు మెడకు తగిలించుకుని పాడే మనిషి. పడిగె విప్పి, గుడ్డ మీది బొమ్మల్ని ఒక్కొక్కటే దాటుకుంటూ రాత్రి పొడుగునా కథ నడిపే మనిషి. పగిడిద్దరాజు, సమ్మక్క, సారలమ్మ, నాగులమ్మ వీళ్లందరి కథలూ ఆయన గొంతులో ఉండేవి. కోయలో పాడేవారు, తెలుగులోనూ పాడేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. అదే ఏడాది కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యగారికీ వచ్చింది. 2024 జూన్‌లో రామచంద్రయ్యగారు వెళ్లిపోయారు. జాతరలో ఆయన గొంతు వినడానికి జనంలో మునివేళ్ల మీద నిలబడినవాళ్లలో నేనూ ఒకణ్ణి. కనబడింది తక్కువ, వినబడింది చాలా.

ఆయన పేరున మాట్లాడమంటే సమ్మక్క కథ మీదో పడిగెల మీదో మాట్లాడతాననుకుని వచ్చి ఉంటారు. మీకు ఆ కథ చెప్పడమంటే జంపన్నవాగుకు బిందెతో నీళ్లు మోసుకు రావడమే. పైగా నేను కోయవాణ్ణి కాను. హనుమకొండలో పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో కాంగో వాయించి, తర్వాత కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. కాబట్టి నాకు కొద్దోగొప్పో తెలిసిన ఇంకో కథ తెచ్చాను. అమెరికాలో 1951లో ఒక బ్యాండు. రాక్ అండ్ రోల్ అనే సంగీతం పుట్టిన రోజుల్లో పుట్టింది. ఒక్క పాటతో దేశమంతా మోగింది. నిజం చెప్పాలంటే ఆ బ్యాండు అసలు లేనే లేదు.

నవ్వకండి. లేని బ్యాండు ఎలా మోగిందో చెబుతాను. నా వాదన ఒక్కటే. పాట యంత్రంలోకి ఎక్కే రోజున దాని పక్కన ఎవరి పేరు రాస్తారన్నది చిల్లర విషయమని అందరూ అనుకుంటారు. ఆ చిల్లర విషయమే బృందం ఎన్నాళ్లు కలిసి ఉంటుందో, పాడినవాళ్లు ముసలితనంలో ఏం తింటారో తేలుస్తుంది.

1. క్లార్క్స్‌డేల్ కుర్రాళ్లు

మిసిసిపీ డెల్టా పత్తి నేల. పరకాల, నర్సంపేట వైపు పత్తి ఏరిన చేతులు ఈ సభలో చాలా ఉన్నాయి కాబట్టి ఆ నేల గురించి నేను వర్ణించక్కర్లేదు. తేడా ఏమిటంటే అక్కడ ఏరినవాళ్లు నల్లవాళ్లు, చేను తెల్లవాళ్లది. నల్లవాళ్లకు వేరే బడి, వేరే తలుపు, వేరే నల్లా. అక్కడ క్లార్క్స్‌డేల్ అని చిన్న పట్నం. అందులో రివర్‌సైడ్ అని ఒక హోటల్. ప్రయాణంలో ఉన్న నల్లజాతి గాయకులు దిగేది అందులోనే. అంతకుముందు ఆ భవనం నల్లవాళ్ల ఆసుపత్రి. 1937లో గొప్ప గాయని బెస్సీ స్మిత్ కారు ప్రమాదంలో గాయపడి ప్రాణం వదిలింది ఆ కప్పు కిందే.

ఆ హోటల్లో ఐక్ టర్నర్ అనే కుర్రాడు తన జట్టుతో సాధన చేయించేవాడు. పుట్టింది 1931లో, ఆ ఊళ్లోనే. చిన్నప్పుడే స్థానిక రేడియో స్టేషన్లో చేరి పాటలు వేసే పని నేర్చుకున్నాడు. పియానో వాయించేవాడు. జట్టు పేరు కింగ్స్ ఆఫ్ రిథమ్. పేరు పెద్దదే, మనుషులు మాత్రం ఇరవై అటూ ఇటూగా ఉన్న పిల్లలు. పాడే జానీ ఓనీల్ అనేవాడికి ఒక రికార్డు కంపెనీ కబురు పెట్టింది, వాడు పోయాడు. పెళ్లి వారం రోజుల్లో ఉండగా గాయకుడు సినిమా ఛాన్సని మద్రాసు బండి ఎక్కితే ఆర్కెస్ట్రా ఏం చేస్తుందో నాకు అనుభవమే. ఉన్నవాళ్లలో గొంతు కాస్త బాగున్నవాణ్ణి ముందుకు తోస్తాం. వీళ్లూ అదే చేశారు. శాక్సఫోన్ వాయించే జాకీ బ్రెన్‌స్టన్‌ను మైకు ముందు నిలబెట్టారు. సైన్యంలో పనిచేసి ఊరికి తిరిగొచ్చి శాక్సఫోన్ నేర్చుకున్న కుర్రాడు. అవసరానికి మైకు ముందుకు తోసిన కుర్రాడన్న సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ పనికొస్తుంది.

బి.బి. కింగ్ పేరు మీలో కొందరైనా వినే ఉంటారు. మెంఫిస్‌లో శామ్ ఫిలిప్స్ అనే ఆయన రికార్డింగ్ గది నడుపుతున్నాడని ఆయనే వీళ్లకు చెప్పాడు. 1951 మార్చి మొదటి వారంలో, వాయిద్యాలు కారులోకి, కారు పైకి ఎక్కించుకుని అందరూ 61వ నంబరు హైవే మీద బయల్దేరారు. నూట ఇరవై కిలోమీటర్లు. ఇక్కణ్ణుంచి వరంగల్‌కు కొంచెం ఎక్కువ. వాన. దారిలో టైరు పోయింది. ఆ కారులోనే, దారిలోనే పాట కుదిరిందని కొందరంటారు, హోటల్లోనే కుదిరిందని కొందరంటారు.

పాట ఒక కారు మీద. ఓల్డ్స్‌మొబైల్ కంపెనీ 1949లో రాకెట్ ఇంజను పెట్టి 88 అనే కారు దింపింది. పిల్లలూ, మీ అన్నలు కొత్త బండి కొని రీలు తీస్తారు చూడండి, అట్లాంటి పాట. ‘రాకెట్ 88’.

2. పగిలిన పెట్టె

ఇక్కడ కొంచెం నిదానంగా వెళ్తాను.

గిటారుకు ఆంప్లిఫయర్ పెట్టె ఉంటుంది. అది దెబ్బతింది. కారు పైనుంచి జారి రోడ్డు మీద పడిందని ఒక కథనం, డిక్కీలోకి వాననీళ్లు చేరి తడిసిందని ఇంకో కథనం. రెండూ ఆ రోజు అక్కడున్నవాళ్లు చెప్పినవే. మేడారంలో ఇది ఎవరికీ చిక్కు ప్రశ్న కాదు. పులుల మధ్య ఆడుకుంటూ దొరికిన పాప కథ ఎన్ని గొంతుల్లో ఎన్ని రకాలుగా నడుస్తుందో మీకు తెలుసు. చిలకలగుట్ట, కుంకుమ భరిణె మాత్రం ఎవరు చెప్పినా ఉంటాయి. ఇక్కడా అంతే. పెట్టె ఎట్లా పాడైనా, స్పీకరు కోను చిరిగిందన్న సంగతిలో మార్పు లేదు.

విల్లీ కిజార్ట్ అనే కుర్రాడు గిటారు తగిలించుకుని మీటాడు. జుర్రుమంది. తేనెటీగల తుట్టె కదిలినట్టు. మామూలు స్టూడియో అయితే రేపు రండి అని పంపేసేవాళ్లు. బాగు చేయించడానికి ఊళ్లో ఎవరూ దొరకలేదు. ఫిలిప్స్ రేడియోలో పనిచేసిన ఇంజనీరు. చెవి ఉన్న మనిషి. కాగితం మడిచి చిరిగిన కోనులో కుక్కాడు. జుర్రుమనడం పోలేదు, ఒక తీరుకు వచ్చింది. కింది స్వరంలో ఇంకో శాక్సఫోన్ గుర్రుగుర్రుమంటున్నట్టు. ఆయన దాన్ని దాచిపెట్టలేదు, ముందుకు తెచ్చి రికార్డు చేశాడు. ఇవాళ రాక్ గిటారు అనగానే చెవిలో మెదిలే ఆ చిరిగిన శబ్దానికి తొలి రికార్డుల్లో ఇదొకటి. తర్వాతి కాలంలో ఆ శబ్దం పుట్టించడానికే పెట్టెలు తయారుచేసి అమ్మారు.

నాకు ఈ కథ మీద ఇంత మమకారం ఎందుకంటే అది నా కళ్ల ముందు జరిగింది. మెంఫిస్‌లో కాదు, నర్సంపేట దగ్గర ఒక పెళ్లి పందిట్లో. బరాతుకు ముందు మా బాక్సులో కోను చిరిగింది. మైక్ సెట్ ఆయన సిగరెట్ పెట్టెలోంచి వెండి కాగితం తీసి పారేసి, వెనకున్న తెల్లకాగితాన్ని నాలుకతో తడిపి, ఫెవికాల్ రాసి అతికించాడు. పైన చిటికెనవేలితో ఊడిపోకుండా నొక్కి పట్టుకుని మూడు పాటలు కూర్చున్నాడు. ఆ రాత్రి గిటారు మోగిన తీరు మళ్లీ ఎప్పుడూ మోగలేదు. మర్నాడు కొత్త కోను వేయించాం. మా దగ్గర శామ్ ఫిలిప్స్ లేడు.

ఇందాక సభ మొదలయ్యే ముందు ఇక్కడి పెద్దాయన ఒకరు డోలు చర్మాన్ని బొటనవేలితో రెండుసార్లు నొక్కి, తల వంచి వినడం చూశాను. నచ్చలేదు. బయటికి తీసుకుపోయి ఎండలో పెట్టి వచ్చారు. డప్పుకు సెగ చూపినట్టే ఇది కూడా. వాయిద్యం చెప్పినట్టు వినని రోజున మనిషి చేసే చిన్నపని అది. పాటలో పేరు రాయని వాటా దానిది.

3. ఒకే రోజు, రెండు పేర్లు

ఫిలిప్స్‌కు అప్పటికి సొంత రికార్డు కంపెనీ లేదు. రికార్డు చేసినవాటిని పెద్ద కంపెనీలకు అమ్మేవాడు. ఇది షికాగోలో చెస్ అన్నదమ్ములకు వెళ్లింది. పోలండ్ నుంచి వలసవచ్చిన కుటుంబం వాళ్లది.

ఆ రోజు టర్నర్ జట్టు ఒక్క పాటతో ఆగలేదు. టర్నర్ తానే పాడినవి కూడా రికార్డయ్యాయి. చెస్ కంపెనీ రెండు ప్లేట్లు అచ్చేసింది. ప్లేటు అంటే 78 స్పీడు నల్ల ప్లేటు, మన తాతల గ్రామఫోనుది. ఒకదాని నంబరు 1458, రెండోదాని నంబరు 1459. వరుస నంబర్లు. 1459 లేబుల్ మీద ‘ఐక్ టర్నర్ అండ్ హిజ్ కింగ్స్ ఆఫ్ రిథమ్’ అని ఉంది. 1458 లేబుల్ మీద, అంటే ‘రాకెట్ 88’ మీద, ‘జాకీ బ్రెన్‌స్టన్ అండ్ హిజ్ డెల్టా క్యాట్స్’ అని ఉంది.

వాయించింది అదే జట్టు. అదే గది, అదే చిరిగిన పెట్టె. పియానో మొదట్లో దూసుకొచ్చే ఎత్తుగడ టర్నర్‌దే. డెల్టా క్యాట్స్ అనే జట్టు అంతకుముందు ఏ ఊళ్లోనూ వాయించలేదు. ఆ పేరుతో ఎవరూ సాధన చేయలేదు, ఎవరూ భోజనం చేయలేదు. జట్టు పెట్టిన మనిషి పేరు లేబుల్ మీద కనబడదు. గాయకుడు పారిపోతే మైకు ముందుకు తోసిన కుర్రాడు ఆ రోజు నుంచి నాయకుడయ్యాడు.

1459 ఎవరూ కొనలేదు. 1458 ఆ జూన్‌లో బిల్‌బోర్డ్ పత్రిక రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో మొదటి స్థానానికి ఎక్కింది. ఆ పట్టిక పేరే చూడండి. 1949 దాకా ఆ పత్రిక నల్లవాళ్ల పాటల్ని ‘రేస్ రికార్డులు’ అని వేరే గంపలో వేసేది. అప్పుడు గంప పేరు మార్చింది, గంప మాత్రం అలాగే ఉంచింది. అక్కడ కూడా పేరు పెట్టే హక్కు పాడేవాళ్లది కాదు.

ఇదే మొట్టమొదటి రాక్ అండ్ రోల్ పాటా అని మీలో చదువుకున్నవాళ్లు అడుగుతారు. చాలామంది అవునంటారు. ఫ్యాట్స్ డామినో 1949లో చేసిన రికార్డని ఇంకొందరంటారు, రాయ్ బ్రౌన్ 1947 పాట అనేవాళ్లూ ఉన్నారు. ఏటికి మొదటి చుక్క ఏదని వెదకడం నాకు చేతకాని పని. ముందుకు పోదాం.

4. పేరు చేసిన పని

పాట మీద తన హక్కుల్ని బ్రెన్‌స్టన్ ఫిలిప్స్‌కు 910 డాలర్లకు అమ్మేశాడు. టర్నర్‌కు ముట్టింది ఇరవై డాలర్లని అతను చివరిదాకా చెప్పుకున్నాడు. లెక్కలు పక్కన పెట్టండి. పేరు ఏం చేసిందో చూడండి.

ఊళ్లలో ప్రదర్శనలకు పిలిచేవాళ్లు పిలిచేది జాకీ బ్రెన్‌స్టన్‌ను. పోస్టరు మీద డెల్టా క్యాట్స్. నిన్నటిదాకా నాయకుడిగా ఉన్నవాడు తన జట్టులోనే ఎవడో అయిపోయాడు. కొన్నాళ్లకే బ్రెన్‌స్టన్ విడిపోయాడు, అతనితో పాటు జట్టూ చీలింది. మళ్లీ ఒక రాకెట్ పాట చేశాడు, ఇంకా కొన్ని చేశాడు, ఏదీ లేవలేదు. పాట విన్నప్పుడు జనం లేచి ఆడింది ఒక్క గొంతుకు కాదు కదా. పియానో ఎత్తుగడకు, చిరిగిన గిటారుకు, రేమండ్ హిల్ ఊదిన శాక్సఫోన్‌కు ఆడారు. అవి లేకుండా ఆ పేరు ఒక్కటే మిగిలింది.

ఓడిపోయి చెదిరిన బృందాలు లోకంలో లెక్కలేనన్ని. గెలిచి, ఆ గెలుపు తప్పు పేరు మీద జమ కావడంతో చెదిరిన బృందం ఇది. నా దృష్టిలో ఈ కథలో ముఖ్యమైన ముక్క ఇదే.

కొన్నేళ్ల తర్వాత బ్రెన్‌స్టన్ తిరిగి టర్నర్ దగ్గరికే వచ్చాడు. శాక్సఫోన్ వాయించడానికి. ‘రాకెట్ 88’ మాత్రం పాడనిచ్చేవాడు కాదట టర్నర్. ఒక్కసారి ఊహించండి. దేశంలో నంబర్ వన్ పాట పాడిన మనిషి, ఆ పాటే పాడకుండా, వెనక వరసలో నిలబడి ఊదుతూ ఉంటాడు. తర్వాత లారీ నడుపుకున్నాడు. 1979లో మెంఫిస్‌లో పోయాడు.

టర్నర్‌ను నేను బాధితుణ్ణి చేసి కూర్చోబెట్టడం లేదు. అతను తర్వాత టీనా టర్నర్‌తో కలిసి ప్రపంచమంతా తెలిసిన మనిషి అయ్యాడు. ఆ టీనాను ఏళ్ల తరబడి కొట్టిన మనిషి కూడా అతనే. అన్యాయం జరిగినవాడు అన్యాయం చేయడని రూలేం లేదు. పాట సంగతి చూసినా అంతే. ‘రాకెట్ 88’ కంటే ముందు, 1947లో, జిమ్మీ లిగిన్స్ అనే ఆయన క్యాడిలాక్ కారు మీద ఒక పాట చేశాడు. దాని అచ్చు ఇందులో స్పష్టంగా ఉంది, బ్రెన్‌స్టన్ కూడా దాచలేదు. లిగిన్స్ పేరు మాత్రం లేబుల్ మీద లేదు. పియానో ఎత్తుగడను ఆ తర్వాత లిటిల్ రిచర్డ్ తన పాటకు వాడుకున్నాడు. టర్నర్ పేరు ఆ లేబుల్ మీదా లేదు. చేతులు మారుతూ పోవడం పాటకు సహజం. లేబుల్‌కు మాత్రం ఒక్క చెయ్యే కనబడుతుంది.

‘రాకెట్ 88’ వచ్చిన 1951లోనే బిల్ హేలీ అనే తెల్ల గాయకుడు తన జట్టుతో ఈ పాటను మళ్లీ రికార్డు చేశాడు. ‘రాకెట్ 88’ ఇచ్చిన ఊపుతో ఫిలిప్స్ 1952లో సొంతంగా సన్ రికార్డ్స్ పెట్టాడు. 1954 జూలైలో అదే గదిలోకి ఎల్విస్ ప్రెస్లీ వచ్చి నిలబడ్డాడు. అక్కణ్ణుంచి కథ మీకు తెలుసు. ఆర్థర్ క్రుడప్ అనే నల్ల గాయకుడి పాటతోనే ఎల్విస్ మొదలయ్యాడన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. క్రుడప్ తనకు రావాల్సిన రాయల్టీ పూర్తిగా చూడకుండానే 1974లో పోయాడు.

ఇక చివరి విడ్డూరం. అమెరికాలో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ అని ఒక గౌరవ మందిరం ఉంది. 2018లో అందులో విడి పాటలకు కూడా చోటివ్వడం మొదలుపెట్టారు. మొదటి విడతలోనే ‘రాకెట్ 88’ ఉంది. ఎవరి పేరున? జాకీ బ్రెన్‌స్టన్ అండ్ హిజ్ డెల్టా క్యాట్స్. అరవై ఏడేళ్లు గడిచినా, అసలు సంగతి లోకమంతా తెలిసినా, గోడ మీద లేని బ్యాండు పేరే. అచ్చయిన తప్పుకు ఉన్నంత ఆయుష్షు నిజానికి ఉండదు.

5. మన లేబుళ్లు

(మంచినీళ్లు ఇటు అందించండి. గొంతు డోలు చర్మంలా వదులైంది.)

ఇదంతా ఎక్కడో జరిగిందనుకోకండి. ‘మా భూమి’ సినిమా సంగతే చూడండి. బి. నర్సింగరావుగారు నిర్మాత, గౌతమ్ ఘోష్ దర్శకుడు. అందులో బండెనక బండి కట్టుకుని పోయే నైజాం సర్కారు మీద ఒక పాట ఉంది, తెర మీద గద్దర్ గొంతెత్తి పాడతాడు. తెలంగాణలో ఆ పాట రానివాళ్లు లేరు. రాసిందెవరని అడగండి, పదిమందిలో తొమ్మిదిమంది గద్దర్ అంటారు. రాసింది బండి యాదగిరి. తెలంగాణ సాయుధ పోరాటంలో పాడిన మనిషి. ఇందులో గద్దర్ చేసిన మోసం ఏమీ లేదు. జనం చూసింది ఒక్క ముఖాన్ని, జ్ఞాపకం ఆ ముఖానికి అతుక్కుంది.

క్యాసెట్ల కాలంలో జాతరలో ఒక దుకాణంలో సమ్మక్క పాటల క్యాసెట్ కొన్నాను. ఇంటికి తీసుకెళ్లి, జారిన టేపును పెన్సిలు పెట్టి చుట్టుకుని విన్నాను. రెండో వైపు మొదట్లో ఒక ముసలామె గొంతు. వెనక డోలు, తాళాలు, బూర. ఆ గొంతు విని ఆ రాత్రి అన్నం చల్లారిపోయింది. ఎవరా అని అట్ట తిప్పి చూశాను. అమ్మినవాళ్ల పేరుంది, కాపీ చేస్తే శిక్ష అని ఉంది, ధర ఉంది. పాడినవాళ్ల దగ్గర ‘జానపదం’ అని ఉంది. జానపదం ఎవరి ఇంటి ఆడబిడ్డ? ఏ ఊరు? చాలా ఏళ్లు వెదికాను, దొరకలేదు. ఆ క్యాసెట్ ఇప్పటికీ నా దగ్గర ఉంది, మోగదు.

ఇవాళ క్యాసెట్ల అవసరమే లేదు. బుధవారం సారలమ్మ కన్నెపల్లి నుంచి గద్దెకు వచ్చేటప్పుడు, గురువారం సమ్మక్క చిలకలగుట్ట దిగేటప్పుడు చెట్ల కొమ్మల మీద కూడా ఫోన్లే. వీడియో రాత్రికల్లా ఛానల్లో ఉంటుంది. పైన పాట పేరు ఉంటుంది, ఛానల్ పేరు ఉంటుంది. డబ్బు వస్తే ఛానల్‌కు వస్తుంది. డోలు వాయించినవాళ్లు ‘గిరిజన సంప్రదాయ కళాకారులు’. డెల్టా క్యాట్స్ అన్నమాట. లేని జట్టు పేరు అంటించి ఉన్న మనుషుల్ని తుడిచేయడం.

రామచంద్రయ్యగారికి పద్మశ్రీ వచ్చినప్పుడు పత్రికల్లో ఆయన కళ పేరు కంచుమేళం, కంచుతాళం అని వచ్చింది. మీరు మాత్రం ఆయన్ని డోలి అనే అన్నారు. వాయిద్యం పేరు చెబితే వాయించేవాడిగా మిగులుతాడు. డోలి అంటే ఆ కథల భారం మోసే మనిషి. రెండింటికీ మధ్య తేడా ఈ సభలో కూర్చున్నవాళ్లకు తెలుసు, ఢిల్లీలో ఫైలు రాసినవాళ్లకు తెలియాలి. జయధీర్ తిరుమలరావుగారు, గూడూరు మనోజగారు లాంటివాళ్లు డోలుల కథల్ని, వాయిద్యాల్ని ఊరూరా తిరిగి సేకరించడం వల్ల ఆ తేడా కాగితం మీద కొంతైనా ఉంది. అది చాలదు.

ఇక్కడ మీలో ఒక పెద్దాయన పొద్దున నన్ను నిలదీశారు, అది దాచిపెట్టడం న్యాయం కాదు. సార్, డోలి కథ ఒక మనిషిది కాదు, గట్టుది. ఒక్కడి పేరు రాస్తే మిగతావాళ్లు ఏమైపోవాలి, అన్నారు. గట్టి మాట. జాకీ బ్రెన్‌స్టన్ పేరు ఒక్కటే రాయబట్టే కదా ఆ జట్టు చీలింది. దారంతా ఆలోచించుకుంటూ వచ్చాను. నాకు తోచిన జవాబు ఇది: ఒక్క పేరు రాస్తే చీలిక, ఏ పేరూ రాయకపోతే దోపిడీ. అందరి పేర్లూ రాయాలి. కథ ఎవరు ఎత్తుకున్నారు, వంత ఎవరు, డోలు ఎవరిది, తాళం ఎవరిది, బూర ఎవరు ఊదారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ ఊరు, ఏ గట్టు. సినిమా పేర్లు పది నిమిషాలు నడుస్తాయి, ఎవరూ అడ్డు చెప్పరు. డోలి పాటకు ఒక్క నిమిషం ఇవ్వలేమా?

ఇది లేబుల్ రాసేవాడికి వదిలితే జరగదు. శామ్ ఫిలిప్స్ మంచి చెవి ఉన్న మనిషే. చెస్ అన్నదమ్ములు నల్లవాళ్ల పాటను ప్రపంచానికి వినిపించినవాళ్లే. అయినా కాగితం వాళ్ల చేతిలో ఉంది, అచ్చయింది వాళ్లకు అనువైనది. కాబట్టి పేరు పాటలోపలే ఉండాలి. కత్తిరిస్తే పాట తెగేటట్టు ఉండాలి. ఎవరైనా ఫోను ఎత్తి పట్టుకుంటే డోలు మీద మొదటి దెబ్బకు ముందు, కోయలోనే, మీ పేర్లు, మీ ఊళ్లు చెప్పి మొదలుపెట్టండి. తీసేవాళ్లలో మన పిల్లలే ఎక్కువ. పిల్లలూ, మీరు అడగండి. తాతా నీ పేరు చెప్పు, ఊరు చెప్పు అని అడిగి ఆ తర్వాతే బటన్ నొక్కండి.

ఈ ఉపన్యాసాన్ని చిన్న పుస్తకంగా వేస్తామని నిర్వాహకులు అన్నారు. నా ఫొటో వేయకండి. ఆ చోటు వేరేదానికి కావాలి. సభ మొదట్లో డోళ్లు మోగించినవాళ్లు అయిదుగురో ఆరుగురో ఉన్నారు. అక్కడ తలుపు పక్క బల్ల మీద తెల్లకాగితం, పెన్ను పెట్టాను. పేరు, ఊరు, గట్టు, వాయిద్యం, నేర్పిన గురువు. భోజనానికి వెళ్లే ముందు రాసి వెళ్లండి. రాయడం రానివాళ్లు పక్కనున్న పిల్లల చేత రాయించండి.